ఒక్క ముల్లూ లేదు

గ్రిమ్స్‌బీలో శుక్రవారం సాయంత్రం
హంబర్ మీంచి వచ్చే గాలి
తలుపు కింది సందులో దూరి వంటింటి దాకా వస్తుంది.
దాని వెనకే క్లిఫర్డ్ వచ్చాడు,
చంకలో కాగితం పొట్లం,
చేతిలో మట్టి వదలని పార్స్‌నిప్‌లు నాలుగు.

పొట్లంలో హాడాక్.
తెల్లటి ఒళ్ళు, భుజం మీద నల్లటి మచ్చ,
ఎవరో బొటనవేలితో నొక్కి
ఇది నాది అని చెప్పి మర్చిపోయినట్టు.

"దీన్ని దాచెయ్యకు" అన్నాడు.
నిరుడు నేను పెట్టిన పులుసు ఆయనకింకా గుర్తే.
చేప ఎక్కడుందో వెతుక్కుంటూ తిన్నానంటాడు.
నిజమే. మా ఇంట చేపంటే చింతపండు,
రాత్రి వండి మూత పెట్టి
మర్నాడు తింటేనే దానికి మర్యాద.
పప్పూ చేపా ఒకే కంచంలోకి రావడం
నేనెరిగిన ఏ వంటింట్లోనూ లేదు.
చేపకి కాళ్ళుండవు కాబట్టి
పప్పులో కాలేస్తున్నది నేనే అనుకుని
సరేనన్నాను.

ముందు మైసూర్ పప్పు.
పళ్ళెంలో పరిచి వేలితో అటూ ఇటూ తోస్తున్నాను.
"ఏం వెతుకుతున్నావు?"
"రాళ్ళు."
"సూపర్‌మార్కెట్ పప్పులోనా?"
పదకొండేళ్ళలో ఒక్కటీ దొరకలేదు.
వేళ్ళకి ఆ సంగతి తెలీదు.

ఆయన నవ్వి, చెక్క మీద చేపను పడుకోబెట్టి
మెడ నుంచి తోక దాకా బొటనవేలు నడిపించాడు.
రేవులో నలభై ఒక్క ఏళ్ళు
అదే దారిన నడిచిన వేలు.
ఆగినచోట పట్టకారుతో లాగితే
నెరిసిన వెంట్రుక లాంటి ముల్లు.
సాసర్ అంచున పెట్టాడు. ఇంకోటి. మరోటి.
చూపు కిటికీలోంచి ఎటో ఉంది.
ఈ పనికి కళ్ళక్కర్లేదన్నాడు.

పార్స్‌నిప్‌ని మొదటిసారి చూసినప్పుడు
ముల్లంగి అనుకున్నాను.
కొరికితే ఘాటు లేదు, చలికి తీపెక్కిన దుంప.
నేల ఒకసారి గడ్డకట్టాకే తవ్వాలంటాడు.
స్వీడ్, క్యారెట్, ఇదీ, అన్నీ వేలెడేసి ముక్కలు,
నూనె, ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు,
ఓవెన్‌లో అంచులు నల్లబడే దాకా.

పప్పు ఉడికి, ఎరుపు పోయి పసుపులోకి తిరిగింది.
వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి.
ఇంగువ డబ్బా మూత తీశానో లేదో
క్లిఫర్డ్ ఒకడుగు వెనక్కి వేశాడు.
పోపు చుయ్యిమన్నాక
రెండడుగులు ముందుకొచ్చాడు.

ఇక చేప.
నిప్పంటే కిందే ఉంటుందని నమ్మి పెరిగినదాన్ని.
గ్రిల్‌లో అది నెత్తి మీదుంటుంది,
రోహిణీ కార్తె ఎండలా.
వెన్న రాసి, మిరియాల పొడి చల్లి లోపలికి తోశాను.
ఆయన గడియారం చూడలేదు.
ఒంగి, వాసన చూసి, "ఇప్పుడు" అన్నాడు.

పచ్చటి పప్పు మీద తెల్లటి చేప,
పక్కన దుంపలు,
చింతపండు లేని లోటుకి నిమ్మచెక్క.
ఫోర్కు తాకితే రేకులు రేకులుగా విడిపోయింది.
కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
చేప చేపలాగే ఉంది. వెతుక్కోనక్కర్లేదు.

నాలుగో ముద్దలో గుచ్చుకుంది.
గొంతులో, ఎడంపక్క, సన్నగా.
ఎదురుగా ఆయన రొట్టెకి వెన్న రాస్తూ మధ్యలో ఆగి
బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటున్నాడు,
మొద్దుబారినదాన్ని లేపుతున్నట్టు.
వంటింట్లో చలి లేదు.
పోయిన నెల కూడా చూశాను,
కోటు బొత్తాం పెట్టుకోలేక
అలాగే రుద్దుకోవడం.

ముల్లు దిగితే అన్నం ముద్ద మింగమంటారు.
ఆ పూట అన్నం వండలేదు.
పప్పులో ముంచిన పార్స్‌నిప్ ముక్క
నమలకుండా మింగాను. ఇంకోటి.
కళ్ళలో నీళ్ళు తిరిగాయి.
మూడోది లాక్కుపోయింది.

"కారం ఎక్కువైందా?"
"ఎండుమిర్చి కొరికాను."
సాసర్ దగ్గరికి జరుపుకుని
అంచున ముళ్ళు లెక్కపెట్టాడు. పదమూడు.
మళ్ళీ లెక్కపెట్టాడు.
"నీకేమైనా తగిలాయా?"

"ఒక్కటీ లేదు."

తలూపి, గిన్నె ముందుకి లాక్కుని
రెండోసారి పప్పు వేసుకున్నాడు.